ప్రొఫైలింగ్: కంపైల్ చేసిన కోడుకు వేగం పెంచడం

సీ, సీ++, ఫోర్ట్రాన్, రస్ట్ వంటి భాషల్లో రాసిన ప్రోగ్రాంను కంపైలర్ నేరుగా ప్రాసెసర్‌కు అర్థమయ్యే ఆదేశాలుగా మారుస్తుంది. ఆ ప్రోగ్రాం నడిచేటప్పుడు సమయం ఏ ఫంక్షన్‌లో, ఏ లూపులో, ఏ ఆదేశం దగ్గర ఖర్చవుతోందో కొలిచి చూపడాన్ని ప్రొఫైలింగ్ అంటారు. అందుకు వాడే సాధనం ప్రొఫైలర్. ఆ కొలతను బట్టి కోడునో, డేటా అమరికనో, కంపైలర్‌కిచ్చే ఆప్షన్లనో మార్చడం ఆప్టిమైజేషన్. కంపైల్డ్ భాషలో రాశాం కాబట్టి వేగానికి ఢోకా లేదన్న ధీమా ప్రోగ్రామర్లలో తరచుగా కనిపిస్తుంది. ఆ ధీమా ఎంత పెళుసుదో కింద వచ్చే గ్రాండ్ థెఫ్ట్ ఆటో వీడియో గేమ్ ఉదంతం చెబుతుంది. ప్రొఫైలర్‌కు తెలిసింది సమయం ఎక్కడ పోతోందన్నది మాత్రమే. ఎందుకు పోతోందో ఆ అంకెల ముందు కూర్చున్న మనిషే తేల్చుకోవాలి. ఈ రంగంలోని కష్టమూ నైపుణ్యమూ చాలావరకు అక్కడే ఉన్నాయి.

చరిత్ర

కంపైలర్ల కథ వేగం మీద అనుమానంతోనే మొదలైంది. ఐబీఎం 704 యంత్రం కోసం జాన్ బ్యాకస్ బృందం ఫోర్ట్రాన్ కంపైలర్ తయారుచేస్తున్న రోజుల్లో, చేత్తో రాసిన అసెంబ్లీ కోడుకు దీటుగా నడవకపోతే దీన్ని ఎవరూ ముట్టుకోరన్న భయం వాళ్లను వెంటాడింది. అందుకే 1957లో బయటికొచ్చిన ఆ తొలి కంపైలర్‌లోనే ఆప్టిమైజేషన్ మీద గట్టి కృషి కనిపిస్తుంది. ఫోర్ట్రాన్ పాతబడినా పక్కకు పోలేదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్ర సూచనల కోసం వాడే రోమ్స్ నమూనా నేటికీ ఆ భాషలోనిదే.

ప్రోగ్రాములు నిజంగా ఎక్కడ సమయం గడుపుతాయో లెక్కగట్టి చూపిన తొలి అధ్యయనాల్లో ప్రసిద్ధమైనది డొనాల్డ్ క్నూత్ 1971లో ప్రచురించినది. ఆయన పరిశీలించిన ఫోర్ట్రాన్ ప్రోగ్రాముల్లో సాధారణంగా 4 శాతం కన్నా తక్కువ కోడు సగానికి పైగా సమయాన్ని మింగేస్తోంది. తొందరపడి చేసే ఆప్టిమైజేషన్ అనర్థాలకు మూలమని ఆయన 1974లో రాసిన మాట ఈనాటికీ సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో రోజూ వినబడుతుంది. అదే చోట ఆయన చెప్పిన రెండో సగాన్ని మాత్రం జనం సౌకర్యంగా మరిచిపోయారు. 97 శాతం సందర్భాల్లో చిన్నచిన్న ఆదాలను వదిలేయమన్న క్నూత్, మిగిలిన కీలకమైన 3 శాతాన్ని వదులుకోవద్దనీ, ఆ భాగమేదో ఊహతో కాకుండా కొలిచి తెలుసుకోవాలనీ అక్కడే రాశాడు.

1970ల యునిక్స్‌లో ప్రోఫ్ అనే సాధనం ఉండేది. అది ఒక్కో ఫంక్షన్ సొంతంగా తీసుకున్న సమయాన్ని చూపేది, అంతే. ప్రోగ్రాములను చిన్నచిన్న ఫంక్షన్లుగా విడగొట్టి రాయడం పెరిగేకొద్దీ సమయం వందల ఫంక్షన్ల మీద పలచగా పరుచుకుని, ఏదీ పెద్ద దోషిగా కనిపించని పరిస్థితి వచ్చింది. బర్కిలీలో సుసాన్ గ్రాహం, పీటర్ కెస్లర్, మార్షల్ కిర్క్ మెక్‌కుసిక్ 1982లో ప్రకటించిన జీప్రోఫ్ దీనికి జవాబు. ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ను ఎన్నిసార్లు పిలిచిందో నమోదు చేసి, పిలవబడ్డదాని ఖర్చును పిలిచినదాని ఖాతాలోకి జమ చేయడం అందులోని కొత్తదనం.

ఆ జమ చేసే తీరులోనే ఒక లొసుగు ఉంది. ప్రతి పిలుపుకూ ఒకే సగటు సమయం పడుతుందని జీప్రోఫ్ అనుకుంటుంది. ఒక సార్టింగ్ ఫంక్షన్‌ను ఒకచోటి నుంచి 99 సార్లు పదేసి అంకెల కోసం, మరోచోటి నుంచి ఒకే ఒక్కసారి కోటి అంకెల కోసం పిలిచారనుకుందాం. ఖర్చంతా ఆ ఒక్క పిలుపుదే. జీప్రోఫ్ మాత్రం 99 శాతం భారాన్ని ఏ పాపం ఎరుగని మొదటి చోటు మీద వేస్తుంది. సాధనం ఏం కొలుస్తోందో, ఏం ఊహిస్తోందో తెలియకుండా నివేదిక చదవకూడదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

కొలిచే పద్ధతులు

కొలతకు ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది కోడులోనే లెక్కలు రాసే ఆదేశాలు చొప్పించడం. పిలుపుల సంఖ్య కచ్చితంగా తెలుస్తుంది కానీ, రెండు మూడు ఆదేశాలతో ముగిసే బుల్లి ఫంక్షన్లకు లెక్కలు రాసే ఖర్చే అసలు పనిని మించిపోయి చిత్రాన్ని వంకర చేస్తుంది.

రెండోది శాంపిలింగ్. నడుస్తున్న ప్రోగ్రాంను నియమిత వ్యవధిలో ఆపి, ఆ క్షణాన ప్రాసెసర్ ఏ ఆదేశం దగ్గరుందో, అక్కడికి ఏ ఫంక్షన్ల మీదుగా వచ్చిందో రాసుకోవడం. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు గానీ, ఇక్కడ మెతుకులు వేలల్లో కావాలి. సెకనుకు 100 చొప్పున 10 సెకన్లు చూస్తే 1,000 శాంపిళ్లు వస్తాయి. అందులో ఒక శాతం తీసుకునే ఫంక్షన్ వాటా పది. గణాంకశాస్త్రం ప్రకారం ఆ పది ఏడు కావచ్చు, పదమూడూ కావచ్చు. కాబట్టి జాబితా అడుగున ఉన్న ఫంక్షన్ల వరుసను చూసి తర్కించుకోవడం వృథా. లినక్స్‌లోని పెర్ఫ్ అనే ప్రొఫైలర్ మామూలుగా సెకనుకు 4,000 శాంపిళ్లు తీస్తుంది. కొందరు కావాలనే 100కు బదులు 99 పెడతారు. ప్రోగ్రాంలో కూడా సెకనుకు సరిగ్గా 100 సార్లు జరిగే పని ఏదైనా ఉంటే, శాంపిలింగ్ దానితో లయ కలిపి ప్రతిసారీ ఆ పనినే పట్టుకునే, లేదా ఒక్కసారీ పట్టుకోని ప్రమాదం ఉంది.

పెర్ఫ్ 2009లో లినక్స్ కెర్నెల్ 2.6.31తో వచ్చింది. దానికి బలం ప్రాసెసర్ లోపలే ఉండే లెక్కల రిజిస్టర్లు. ఎన్ని సైకిళ్లు గడిచాయి, ఎన్ని ఆదేశాలు పూర్తయ్యాయి, ఎన్నిసార్లు కాష్‌లో డేటా దొరకలేదు, ఎన్నిసార్లు బ్రాంచి అంచనా తప్పింది అన్నవి హార్డ్‌వేరే లెక్కపెడుతుంది. ఇక వాల్‌గ్రైండ్ దారి పూర్తిగా వేరు. ఆ కుటుంబంలోని క్యాష్‌గ్రైండ్, కాల్‌గ్రైండ్ ప్రోగ్రాంను ఒక కృత్రిమ ప్రాసెసర్ మీద నడిపి ప్రతి ఆదేశాన్నీ లెక్కిస్తాయి. పని పదుల రెట్లు నెమ్మదిస్తుంది. బదులుగా, ఎన్నిసార్లు నడిపినా లెక్క దాదాపు ఒకేలా వస్తుంది. అర శాతం మార్పును కూడా నమ్మకంగా పట్టుకోవాలంటే ఈ గుణం ఎంతో పనికొస్తుంది.

ప్రొఫైల్ చదవడం

ప్రొఫైలర్ దాకా వెళ్లేముందు చేయాల్సిన పని ఒకటుంది. యునిక్స్ టైం కమాండ్‌తో ప్రోగ్రాంను ఒకసారి నడిపితే మూడు అంకెలు వస్తాయి: గడియారం ప్రకారం గడిచిన సమయం, ప్రోగ్రాం కోడు ప్రాసెసర్ మీద గడిపిన సమయం, ఆపరేటింగ్ సిస్టం దాని తరఫున గడిపిన సమయం. ఒకే త్రెడ్డుతో నడిచే ప్రోగ్రాంలో మొదటిది 40 సెకన్లు, మిగతా రెండూ కలిపి 3 సెకన్లు అయితే మిగిలిన 37 సెకన్లూ డిస్క్ కోసమో, నెట్‌వర్క్ కోసమో, లాక్ కోసమో ఎదురుచూడటంలోనే పోయాయన్నమాట. ప్రాసెసర్ శాంపిళ్లలో ఆ నిరీక్షణ జాడ కూడా ఉండదు. అక్కడ లూపులను సానబెట్టి లాభం లేదు.

ప్రొఫైల్‌ను బొమ్మగా చూపే పద్ధతుల్లో బాగా పాతుకుపోయింది ఫ్లేమ్ గ్రాఫ్. ఒక మైఎస్‌క్యూఎల్ సమస్యను ఛేదిస్తూ బ్రెండన్ గ్రెగ్ 2011లో దీన్ని రూపొందించాడు. ఒక్కో ఫంక్షన్ ఒక్కో అడ్డపట్టీ. పట్టీ ఎంత వెడల్పుంటే ఆ ఫంక్షన్ అంత ఎక్కువ శాంపిళ్లలో కనిపించిందని అర్థం. ఎత్తు పిలుపుల లోతును చూపుతుంది. ఎడమ నుంచి కుడికి ఉన్న వరుస అక్షర క్రమమే తప్ప కాలక్రమం కాదు. కొత్తవాళ్లు చాలామంది పొరబడేది ఇక్కడే.

ఈ బొమ్మ సరిగా రావాలంటే పిలుపుల గొలుసును వెనక్కి నడిచి తెలుసుకోగలగాలి. అందుకు తోడ్పడే ఫ్రేమ్ పాయింటర్ అనే రిజిస్టర్‌ను కంపైలర్లు ఆప్టిమైజేషన్ పేరుతో వేరే పనికి మళ్లించుకుంటాయి. దాంతో గొలుసు మధ్యలో తెగిపోయి ఎవరు పిలిచారో తెలియని ఫంక్షన్లు మిగులుతాయి. ఆ రిజిస్టర్‌ను ఫ్రేమ్ పాయింటర్‌గానే ఉంచితే ప్రోగ్రాం కాస్త నెమ్మదించవచ్చు. అయినా ఏం జరుగుతోందో కనబడటమే ముఖ్యమని 2023లో ఫెడోరా 38, 2024లో ఉబుంటు 24.04 తమ ప్యాకేజీలను ఫ్రేమ్ పాయింటర్లతోనే కంపైల్ చేయడం మొదలుపెట్టాయి. మంచి నిర్ణయమే.

ఆదేశాల స్థాయికి దిగితే ఇంకో చిక్కు ఎదురవుతుంది. లెక్క రిజిస్టర్ నిండి ప్రాసెసర్ ఆగేలోపు అమలు కొన్ని ఆదేశాలు ముందుకు జారిపోతుంది. నివేదికలో ఒక మామూలు కూడిక మీద 30 శాతం సమయం పడితే, నేరం దానిది కాకపోవచ్చు. దాని ముందున్న, మెమరీ నుంచి డేటా తేవాల్సిన ఆదేశం ఆలస్యం చేసి ఉంటుంది. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లు ఈ జారుడును తగ్గించే ప్రత్యేక శాంపిలింగ్ సదుపాయాలు ఇస్తాయి. అవి వాడటం తెలిసినా, పై రెండు ఆదేశాలను కూడా చూసే అలవాటు మానకూడదు.

ఒక ఉదంతం: ఆరు నిమిషాల నిరీక్షణ

గ్రాండ్ థెఫ్ట్ ఆటో ఆన్‌లైన్‌లోకి వెళ్లాలంటే పీసీల మీద నిమిషాల తరబడి ఆగాల్సి వచ్చేది. ఇది ఏళ్ల తరబడి ఆటగాళ్లు మొత్తుకున్న విషయం. 2021లో ఒక ఆటగాడు సోర్స్ కోడు లేకుండానే ఈ చిక్కును విప్పాడు. లోడయ్యేంతసేపూ ఒక్క కోర్ మాత్రమే గరిష్ఠంగా పనిచేస్తూ, డిస్క్, నెట్‌వర్క్ దాదాపు ఖాళీగా ఉండటం అతను ముందు గమనించాడు. అంటే అది నిరీక్షణ కాదు, లెక్కింపు. తర్వాత స్టాక్ శాంపిలింగ్ చేస్తే వేడెక్కిన చోట్లు రెండు బయటపడ్డాయి.

మొదటిది డేటా చదివే చోటు. ఆటలో కొనదగిన దాదాపు 63,000 వస్తువుల జాబితా 10 మెగాబైట్ల జేసన్ పాఠంగా వస్తుంది. అందులోంచి ఒక్కో విలువను ఎస్‌స్కాన్‌ఎఫ్ అనే ప్రామాణిక ఫంక్షన్‌తో చదువుతున్నారు. ఆ ఫంక్షన్ పని మొదలుపెట్టేముందు, తనకిచ్చిన పాఠం పొడవెంతో తెలుసుకోవడానికి లోపల స్ట్ర్‌లెన్‌ను పిలుస్తుంది. స్ట్ర్‌లెన్‌కు తెలిసిన దారి ఒక్కటే: చివర ఉన్న సున్నా దొరికేదాకా ఒక్కో బైటూ చూసుకుంటూ పోవడం. నాలుగంకెల సంఖ్య చదవడానికి మిగిలిన మెగాబైట్లన్నీ చివరిదాకా కొలవాలి. వస్తువుకు ఒక్కసారే అనుకున్నా, సగటున 5 మెగాబైట్ల చొప్పున 63,000 సార్లంటే 300 గిగాబైట్లు దాటుతుంది. నిజానికి ఒక్కో వస్తువుకు విలువలు చాలా ఉన్నాయి.

రెండోది, చదివిన వస్తువు ఇప్పటికే జాబితాలో ఉందేమో చూసే చోటు. హ్యాష్ పట్టిక ఉండాల్సిన చోట మొదటి నుంచి ఒక్కోదానితో పోల్చుకుంటూ పోయే వరుస జాబితా ఉంది. 63,000 వస్తువులకు అది దాదాపు 198 కోట్ల పోలికలు. పైగా ఆ జాబితాలో అసలు రెండుసార్లు వచ్చే వస్తువులే లేవు.

అతను స్ట్ర్‌లెన్ పిలుపును దారి మళ్లించి, ఒకసారి కొలిచిన పొడవును గుర్తుపెట్టుకునేలా చేశాడు. రెండో చోట పోలికలే మానిపించాడు. ఆరు నిమిషాల నిరీక్షణ మొదటి దిద్దుబాటు ఒక్కదానితో 2 నిమిషాల 50 సెకన్లకు, రెండోది ఒక్కదానితో 4 నిమిషాల 30 సెకన్లకు, రెండూ కలిపితే 1 నిమిషం 50 సెకన్లకు దిగింది. ఆటను తయారుచేసిన రాక్‌స్టార్ సంస్థ లోపాన్ని ఒప్పుకుని, అదే ఏడాది మార్చిలో అప్‌డేట్ ఇచ్చి, అతనికి 10,000 డాలర్ల బహుమతి ఇచ్చింది.

ఆప్టిమైజింగ్ కంపైలర్ ఉండగా ఇదెలా జరిగింది? కంపైలర్ ఆదేశాలను చక్కదిద్దుతుంది గానీ అల్గారిథంను మార్చదు. లూపు షరతులో స్ట్ర్‌లెన్ రాసి, లూపు లోపల అదే పాఠంలోని అక్షరాలను మారుస్తుంటే, మధ్యలో ఎక్కడో సున్నా పడి పొడవు మారిపోవచ్చన్న అనుమానంతో కంపైలర్ ఆ పిలుపును లూపు బయటికి తేలేదు. పొడవు మారదని రాసినవాడికి తెలుసు. కంపైలర్‌కు రుజువు కావాలి. ఇలా పని పరిమాణానికి వర్గంలో పెరిగే కోడు వంద అంకెల టెస్ట్ డేటాతో బుద్ధిగా నడిచి, అసలు డేటా వచ్చాక కూలబడుతుంది. అందుకే ప్రొఫైలింగ్ ఎప్పుడూ అసలు పరిమాణంలోని డేటాతోనే చేయాలి.

మెమరీ

అల్గారిథం సరిగా ఉన్నా నెమ్మదిగా నడిచే కోడులో అనుమానించాల్సిన మొదటి చోటు మెమరీ. నేటి ప్రాసెసర్లలో ఎల్1 కాష్‌లోని విలువ నాలుగైదు సైకిళ్లలో అందుతుంది. ప్రధాన మెమరీ దాకా వెళ్లాలంటే సుమారు 100 నానోసెకన్లు, అంటే 3 గిగాహెర్ట్జ్ దగ్గర 300 సైకిళ్లు. మెమరీ నుంచి డేటా సాధారణంగా 64 బైట్ల లైన్ల చొప్పున కాష్‌లోకి వస్తుంది.

1000 అడ్డవరుసలు, 1000 నిలువు వరుసలు ఉన్న రెండు మాత్రికల గుణకారం తీసుకుందాం. ఒక్కో సంఖ్యకు 8 బైట్లు, ఒక్కో మాత్రికకు 8 మెగాబైట్లు. పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే మూడు లూపులు సీలో రాస్తే, లోపలి లూపు రెండో మాత్రికను నిలువుగా చదువుతుంది. సీ భాష మాత్రికను అడ్డవరుసల్లో దాచుకుంటుంది కాబట్టి ప్రతి అడుగుకూ 8,000 బైట్ల దూకుడు. ఎనిమిది సంఖ్యలున్న లైన్ తెచ్చుకుని ఒక్కటి వాడి ముందుకు పోతుంది. మిగతా ఏడింటి కోసం తిరిగొచ్చేసరికి ఆ లైన్ దగ్గరి కాష్‌లోంచి వెళ్లిపోయి ఉంటుంది. లోపలి రెండు లూపుల స్థానాలు తారుమారు చేస్తే అంతా అడ్డంగానే చదవబడుతుంది. అవే గుణకారాలు, అవే కూడికలు, అయినా సమయం కొన్ని రెట్లు తగ్గుతుంది. ఫోర్ట్రాన్ నిలువు వరుసల్లో దాచుకుంటుంది. కాబట్టి ఫోర్ట్రాన్ కోడును లైన్‌కు లైన్‌గా సీలోకి మార్చినవాళ్లకు జవాబు సరిగా వస్తుంది, వేగం పోతుంది.

రికార్డుల అమరికదీ ఇదే కథ. 64 బైట్ల రికార్డులో 4 బైట్ల వయసు మాత్రమే చదువుతూ పోయే లూపు, తెచ్చుకున్నదానిలో పదహారో వంతే వాడుతుంది. వయసులన్నీ ఒక వరుసలో విడిగా పెడితే ఆ వృథా పోతుంది. బ్రాంచి అంచనా తప్పితే పోయే 15 నుంచి 20 సైకిళ్లు, లోపలి లూపులో పదే పదే మెమరీ కేటాయింపు, వేర్వేరు త్రెడ్లు ఒకే కాష్ లైన్‌లోని పక్కపక్క విలువలను రాస్తూ ఒకదాన్నొకటి అడ్డుకోవడం కూడా తరచుగా తగిలేవే.

కంపైలర్ వంతు

ఆప్టిమైజేషన్ లేని ఓ0 స్థాయిలో కంపైల్ చేసిన కోడును ప్రొఫైల్ చేయడం సమయం దండగ. అసలు వాడే ఓ2 స్థాయిలోనే, డీబగ్ సమాచారం జతచేసి కొలవాలి. ఆప్షన్ మార్చగానే వచ్చే లాభాన్ని ముందు పుచ్చుకుని, ఆ తర్వాతే కోడు మీద చెయ్యి వేయడం మర్యాద. ఉన్న ప్రాసెసర్‌కు తగ్గట్టు కంపైల్ చేయమంటే వెక్టర్ ఆదేశాలు వాడుకుంటుంది. కానీ ఆ ఫైలును పాత యంత్రం మీద నడిపితే అక్రమ ఆదేశమంటూ ఆగిపోవచ్చు.

ఫాస్ట్ మ్యాథ్ ఆప్షన్‌తో మాత్రం జాగ్రత్త. అది కూడికల క్రమాన్ని మార్చుకునే స్వేచ్ఛ కంపైలర్‌కు ఇస్తుంది. డబుల్ సంఖ్యల్లో వంద కోట్ల కోట్లకు, అంటే 10 ఘాతం 16కు 1 కలిపి, మళ్లీ 10 ఘాతం 16 తీసేస్తే సున్నా వస్తుంది. ముందు తీసేసి తర్వాత కలిపితే 1 వస్తుంది. గణితంలో రెండూ ఒకటే, యంత్రంలో కావు. కూడికలో పోయే చిల్లరను వెనక్కి తెచ్చే కహాన్ పద్ధతిని ఈ ఆప్షన్ అనవసరమైన బీజగణితంగా లెక్కగట్టి చెరిపేయగలదు.

ఫోర్ట్రాన్‌కు సీ కన్నా వేగంలో ఉన్న పాత ఆధిక్యానికి ఒక కారణం, ఫంక్షన్‌కు పంపిన రెండు శ్రేణులు మెమరీలో ఒకదానిమీద ఒకటి పడవని ఆ భాష నియమాలు భరోసా ఇవ్వడం. సీలో అలాంటి హామీ ఇచ్చే రిస్ట్రిక్ట్ అనే పదం 1999 ప్రమాణంతో వచ్చింది.

ప్రొఫైల్‌ను తిరిగి కంపైలర్‌కే అందించడం మరో పద్ధతి. ఏ బ్రాంచి ఎటు పోతుందో, ఏ ఫంక్షన్ వేడిగా ఉందో తెలిస్తే కంపైలర్ తరచుగా నడిచే కోడును ఒకచోట చేర్చగలదు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు ఇలాగే తయారవుతాయి. ఫేస్‌బుక్ తయారుచేసిన బోల్ట్ ఇంకో అడుగు వేసి, కంపైలూ లింకూ పూర్తయిన ఫైలునే ప్రొఫైల్ ప్రకారం మళ్లీ పేరుస్తుంది.

కొలతలోని మోసాలు

టోడ్ మిట్కోవిచ్, మరి ముగ్గురు పరిశోధకులు 2009లో ప్రచురించిన వ్యాసం ఈ రంగంలో అందరినీ ఇబ్బందిపెట్టింది. ప్రోగ్రాంలో ఒక్క అక్షరం మార్చకుండా, యునిక్స్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ పొడవు మారిస్తే చాలు, వేగం మారుతోందని వాళ్లు చూపారు. ఆ వేరియబుల్స్ స్టాక్ మొదట్లో కూర్చుంటాయి. అవి పెరిగితే స్టాక్ చిరునామాలు జరిగి, కాష్ అమరిక మారుతుంది. ఫైళ్లను లింక్ చేసే వరుస మార్చినా అంతే. అంటే ఒకే యంత్రం మీద, ఒకే అమరికలో కొలిచిన రెండు శాతం లాభం మార్పు వల్ల వచ్చిందో, చిరునామాలు అదృష్టవశాత్తూ కుదరడం వల్ల వచ్చిందో చెప్పలేం. దీనికి విరుగుడుగా చార్లీ కర్ట్‌సింగర్, ఎమెరీ బర్గర్ స్టెబిలైజర్ అనే సాధనాన్ని తయారుచేసి 2013లో ప్రకటించారు. ప్రోగ్రాం నడుస్తుండగానే కోడునూ స్టాక్‌నూ హీప్‌నూ మళ్లీ మళ్లీ యాదృచ్ఛికంగా అటూఇటూ జరపడం దాని పని. అలా అమరిక ప్రభావాన్ని కడిగేసి చూస్తే, ఎల్‌ఎల్‌వీఎం కంపైలర్‌లో ఓ2కు, ఓ3కు మధ్య తేడా గణాంకాల గోలలో కలిసిపోయింది.

చిన్న కోడు ముక్కను విడిగా కొలిచేవాళ్లకు ఎదురయ్యే వల వేరు. ఫలితాన్ని ఎక్కడా వాడకపోతే కంపైలర్ ఆ లెక్క మొత్తాన్ని తీసేస్తుంది. కోటిసార్లు తిరిగిన లూపు సున్నా సెకన్లు చూపిస్తే సంబరపడకుండా, అసెంబ్లీ తెరిచి లూపు మిగిలిందో లేదో చూసుకోవాలి. గూగుల్ బెంచ్‌మార్క్ వంటి లైబ్రరీలు ఫలితాన్ని తీసేయకుండా కంపైలర్‌ను ఆపే ఏర్పాటుతో వస్తాయి.

బహుళ త్రెడ్ల ప్రోగ్రాములు

జీన్ ఆమ్‌డాల్ 1967లో చేసిన వాదన సూటిగా ఉంటుంది. మొత్తం సమయంలో 20 శాతం తీసుకునే భాగాన్ని శూన్యానికి తగ్గించినా ప్రోగ్రాం 1.25 రెట్లే వేగవంతమవుతుంది. త్రెడ్లు వచ్చాక ఈ లెక్క కూడా ఆశావాదమే. ఒక త్రెడ్డు 60 శాతం శాంపిళ్లు తీసుకుంటూ ఉండవచ్చు. కానీ మిగతావి దానికోసం ఆగకుండా పోతుంటే, దాన్ని ఎంత వేగవంతం చేసినా గడియారంలో తేడా రాదు.

కర్ట్‌సింగర్, బర్గర్ 2015లో తెచ్చిన కోజ్ ఈ ప్రశ్నను తిరగేసి అడుగుతుంది: ఈ లైన్ వేగంగా నడిస్తే మొత్తం ప్రోగ్రాం ఎంత బాగుపడుతుంది? నిజంగా ఆ లైన్‌ను వేగవంతం చేయలేదు కాబట్టి, అది నడిచినప్పుడల్లా మిగతా త్రెడ్లను కాసేపు ఆపుతుంది. సాపేక్షంగా రెండూ ఒకటే. కొలత పూర్తయ్యాక ఆపిన సమయాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. ఎస్‌క్యూలైట్ డేటాబేస్ మీద దీన్ని నడిపితే వేలు చూపించింది పెద్ద లూపుల వైపు కాదు. ఫంక్షన్ పాయింటర్ల పట్టిక ద్వారా పిలవబడే కొన్ని బుల్లి ఫంక్షన్లు అడ్డుగా తేలాయి. మామూలు ప్రొఫైల్‌లో అవి కంటికి ఆనవు. వాటిని నేరు పిలుపులుగా మారిస్తే పరీక్షించిన పనిభారం 25 శాతం వేగంగా నడిచింది.